అబ్బాయిది ఏ నక్షత్రం?

పెళ్ళిళ్ళ పేరయ్యల వృత్తి అంతరించిపోతున్నందుకు నాకేమీ బాధ లేదు. బెంగళూరులో ఆయన అవసరం తీరిపోయింది.

మా పిన్ని కూతురికి సంబంధం వచ్చింది. అబ్బాయి సాఫ్ట్‌వేరు, మారతహళ్ళి. వెనకటికైతే ఒక పెద్దమనిషి బస్సెక్కి వెళ్ళి, ఆ వీధి కిళ్ళీకొట్టు దగ్గర కాపుకాసి వివరాలు పట్టుకొచ్చేవాడు. మా బాబాయి సోఫా దిగలేదు. అబ్బాయి రోజూ తినే ఆంధ్రా మెస్ పేరు మాటల్లో తెలిసింది. మ్యాప్స్‌లో ఆ మెస్ రివ్యూలు తీస్తే అబ్బాయి ఫొటోతో సహా దొరికాడు. పేరు మీద నొక్కాడు, అంతే, మిగతా రివ్యూలన్నీ బారులు తీరాయి.

మెస్‌లో గోంగూర అడిగితే మళ్ళీ వేస్తారట: ఐదు నక్షత్రాలు. మొలల ఆస్పత్రి, 'మూడో రోజుకే కూర్చోగలిగాను': ఐదు. జుట్టు నాటే క్లినిక్, 'ఇంకా మొలవలేదు, ఓపిక పట్టమన్నారు': మూడు. బంగారం తాకట్టు ఆఫీసు, 'పావుగంటలో డబ్బు చేతిలో పెట్టారు': ఐదు. ప్రీవెడ్డింగ్ ఫొటోల స్టూడియో, నిరుడు, 'ఇద్దరికీ బాగా నచ్చాయి': ఐదు. ఆ రెండో మనిషి ఎవరో మాత్రం రాయలేదు. గోప్యత అంటే అదీ!

సూపర్ మార్కెట్‌కు మాత్రం ఒక్కటే ఇచ్చాడు. 'బిల్లు దగ్గర ఫోన్ నంబరు అడుగుతున్నారు. మనుషులకు ప్రైవసీ ఉండదా?'

ఉంటుంది నాయనా. నంబరు కోసం పట్టుబట్టొద్దని 2023లో కేంద్రమే దుకాణాలకు చెప్పింది. అంతకుముందు, ఇదే ఊళ్ళో ఉండిన విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు 80 దాటిన వయసులో ఆధార్ మీద సుప్రీంకోర్టుకెక్కారు. ఆ కేసులోనే తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చారు. మనవాడు ఆ హక్కును దాచుకోలేదు, వాడుకున్నాడు. మ్యాప్స్‌లో ఇలా రివ్యూలు రాసే గూగుల్ లోకల్ గైడ్లకు రివ్యూకు 10 పాయింట్లు, కాస్త పొడుగ్గా రాస్తే ఇంకో 10, ఫొటోకు 5. మొలల ఆస్పత్రికి ఫొటో కూడా పెట్టాడు. (రిసెప్షన్ ఫొటోయే, కంగారు పడకండి.) ఆ పాయింట్లన్నీ కలిపినా దర్శిని హోటల్లో బై-టూ కాఫీ రాదు.

"జాతకం చూపిద్దామా?" అంది పిన్ని.

"ఇంకేం జాతకం? నక్షత్రాలన్నీ వాడే ఇచ్చుకున్నాడు" అన్నాడు బాబాయి.

మర్యాదగా వద్దని ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే, ఆదివారం అబ్బాయి తల్లే ఫోన్ చేసింది. "వదినగారూ, అన్నయ్యగారికి గురక తగ్గిందా? డాక్టరుకు నాలుగు నక్షత్రాలే ఇచ్చారు?"