మంత్రగత్తె గారి మతం ఫైలు

మంత్రగత్తెలది కూడా ఒక మతమేనంటే మనవాళ్ళు పకపకా నవ్వుతారు. ఇది అన్యాయం. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో బలిసిన విక్కా అనే మార్గం ఒకటుంది. దాన్ని పాటించేవాళ్ళు, మగవాళ్ళతో సహా, తమను తాము మంత్రగత్తెలనే చెప్పుకుంటారు. ఒక అమ్మవారిని, కొమ్ములున్న ఒక అయ్యవారిని కొలుస్తారు, పౌర్ణమికి కూడతారు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్స్‌లలో దాదాపు 13 వేల మంది మతం గడిలో విక్కా అని రాశారు. పేగన్, అంటే క్రైస్తవానికి ముందటి దేవుళ్ళ మార్గం, అని రాసినవాళ్ళు మరో 74 వేలు. ఇంతమంది సర్కారు కాగితం మీద రాసిచ్చాక నవ్వి ఊరుకుంటే ఎలా? మతాల సంగతిలో తరతరాల అనుభవం ఉన్నవాళ్ళం, మన కొలతలతోనే ఒకసారి కొలిచి చూద్దామని ఈ ఫైలు ముందేసుకున్నాను.

నిన్నగాక మొన్న పుట్టిన దేవుణ్ణి ఎవరూ లెక్కచేయరు కాబట్టి ముందు స్థలపురాణం చూడాలి. విక్కాకి అది కలకత్తాలో పుట్టిన ఒక దొరసాని సమకూర్చిపెట్టారు. పేరు మార్గరెట్ మర్రే. వృత్తి ఈజిప్టు పురాతత్వం, ప్రవృత్తి మంత్రగత్తెలు. యూరప్‌లో మంత్రగత్తెలన్న నెపం మీద ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళంతా క్రైస్తవానికి ముందున్న ఒక పాత మతం భక్తులని ఆవిడ 1921లో పుస్తకం వేశారు. చిత్రహింసలు పెట్టి చెప్పించిన వాంగ్మూలాల్లో తనకు పనికొచ్చిన ముక్కలు ఏరుకున్నారని తోటి చరిత్రకారులు మొత్తుకున్నారు. అయితేనేం, 1929లో ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో మంత్రవిద్య గురించిన వ్యాసం రాసే అవకాశం ఆవిడకే దక్కింది. తన వాదాన్ని వాదమని ఎక్కడా అనకుండా చరిత్రగా రాసేశారు. అది దశాబ్దాల పాటు అలాగే అచ్చవుతూ వచ్చింది. ఇంత బందోబస్తు ఉన్న స్థలపురాణం మన దగ్గర కూడా అరుదు.

పురాణం దొరికింది, ఇక గురువు కావాలి. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. ఇక్కడ కొడుక్కి బదులు ఒక రిటైర్డ్ కస్టమ్స్ ఆఫీసరు నడిచొచ్చాడు. జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన సిలోన్ తేయాకు తోటల్లో, మలయా రబ్బరు తోటల్లో, ఆ తర్వాత కస్టమ్స్‌లో పనిచేసి 1936లో విశ్రాంతి తీసుకున్నాడు. రిటైరయ్యాక ఆధ్యాత్మికం వైపు తిరగడం మనకు తెలియంది కాదు. ఇంగ్లండు దక్షిణాన న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో ఆ పాత మతం వాళ్ళు ఇంకా మిగిలి ఉన్నారని, 1939లో వాళ్ళ దగ్గర తాను దీక్ష తీసుకున్నానని ఆయన ప్రకటన.

గార్డ్‌నర్‌కి కత్తులంటే పిచ్చి, మలయా కత్తుల మీద ఏకంగా పుస్తకమే రాశాడు. బయటపడ్డ పురాతన మతంలో పూజాసామగ్రిలో ముఖ్యమైంది నల్లపిడి కత్తి అని తేలింది. ఆయనకి ఒంటిమీద బట్టలేకుండా ఎండలో తిరిగే సంఘాలంటే ఇష్టం. పురాతన మతంలో కూడా పూజ దిగంబరంగానే చెయ్యాలని తేలింది. ఇంగ్లండు చలిలో! వేల ఏళ్ళ నాటి ఆచారాలు ఒక పెన్షనర్ గారి సరదాలతో ఇంత చక్కగా కుదిరాయంటే దైవసంకల్పం కాక ఇంకేమిటి?

1735 నుంచి ఇంగ్లండులో ఒక చట్టం ఉండేది. మంత్రశక్తి ఉందని చెప్పుకోవడమే మోసం, దానికి జైలు, అని దాని సారాంశం. 1951లో ఆ చట్టాన్ని ఎత్తేశారు. ఆ అడ్డు తొలిగాక 1954లో ఈ మతం మీద గార్డ్‌నర్ పుస్తకం వచ్చింది, ముందుమాట మార్గరెట్ మర్రే గారిదే.

మతమన్నాక పీఠం తగాదా ఉండాలి. ఈ విషయంలో విక్కా నన్ను పూర్తిగా ఒప్పించింది. 1953లో డోరీన్ వాలియంటె అనే ఆవిడ దీక్ష తీసుకున్నారు. పుస్తకాలు బాగా చదివిన మనిషి. గురువుగారి పవిత్ర గ్రంథం తిరగేస్తుంటే అందులో ముక్కలు అలీస్టర్ క్రౌలీ అనే మరో మాంత్రికుడి రచనల నుంచి ఎత్తినవని ఇట్టే పట్టేశారు. అడిగితే ఆయన ఏమాత్రం కంగారు పడకుండా, అంతకంటే బాగా రాయగలిగితే నువ్వే రాయి అన్నాడట. ఆవిడ రాసేశారు. ఈనాటికీ విక్కా పూజల్లో అమ్మవారు పలికే మాటలు చాలావరకు ఆవిడ కలం నుంచి వచ్చినవే.

ఆ అమ్మవారు పలకడం ఏమిటో చెప్పాలి. ఉప్పు, నీళ్ళు చల్లి, కత్తితో గాలిలో వలయం గీసి, నాలుగు దిక్కులనూ పిలిచి, ప్రధాన పూజారిణి మీదికి అమ్మవారిని ఆవాహన చేస్తారు. బోనాలప్పుడు సికింద్రాబాద్ మహంకాళి గుడిలో రంగం చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. అయితే పచ్చికుండ మీద నిలబడ్డ మన అమ్మవారు వానలు బాగా పడతాయని చెప్పి, పూజలు సరిగా చెయ్యడం లేదని అందరినీ కడిగేస్తుంది, పక్కనున్న పెద్దలు చేతులు కట్టుకుని లోపం రానివ్వమని మాటిస్తారు. వాలియంటె గారి అమ్మవారిది ముందే రాసిన స్క్రిప్టు, వినడానికి కవిత్వంలా ఉంటుంది. ఎవరినీ తిట్టదు.

సరే, తగాదా. గార్డ్‌నర్‌కి పత్రికల పిచ్చి ఎక్కువై, రహస్య మతం కాస్తా రోజూ పేపర్లో పడుతోందని వాలియంటె వర్గం గొడవపెట్టింది. 1957లో కొన్ని నియమాలు రాసి సంతకం పెట్టమంది. గురువుగారు, కొత్తవి ఎందుకమ్మా, మనకు పాత చట్టాలు ఉండనే ఉన్నాయిగా అని ఒక కట్ట తీశాడు. భాష పాతకాలపు ఇంగ్లీషు, అప్పటిదాకా ఎవరూ చూసింది లేదు. ప్రధాన పూజారిణి వయసొచ్చాక తనకంటే చిన్నదానికి హుందాగా స్థానం వదిలిపెట్టాలని అందులో ఉంది. అప్పటికి ఆ స్థానంలో ఉన్న వాలియంటెకి ముప్పయ్యయిదేళ్ళు, గార్డ్‌నర్‌కి డెబ్భై దాటాయి. గురువు ఎప్పుడు దిగాలన్న సంగతి ఆ చట్టాల్లో కనిపించలేదు! ఆవిడ వెళ్ళిపోయారు, మతం చీలింది. గార్డ్‌నర్ 1964లో పోయాక ఆయన మంత్రవిద్య మ్యూజియం, పూజాసామగ్రి వీలునామాలో దక్కిన శిష్యురాలు 1973లో వాటిని వింతల ప్రదర్శనలు పెట్టే రిప్లీస్ కంపెనీకి అమ్మేసింది. మఠం ఆస్తుల అమ్మకం కూడా అయిపోయింది కాబట్టి ఈ పద్దులో ఇక అడగాల్సిందేమీ లేదు.

పండగలు ఏడాదికి ఎనిమిది. అందులో ఒకదానికి పేరు 1970లలో కాలిఫోర్నియాలో పెట్టారు. ఆస్ట్రేలియాలో రుతువులు తలకిందులు కాబట్టి అక్కడివాళ్ళలో చాలామంది క్యాలెండర్ కూడా తిప్పేస్తారు. ఏటా సంక్రాంతి పద్నాలుగా పదిహేనా అని టీవీల్లో సిద్ధాంతుల చేత కొట్లాడించే మనం దీన్ని తప్పుపట్టలేం.

అమెరికా వెళ్ళాక మతం కోర్టు మెట్లెక్కింది. వర్జీనియా జైల్లో ఒక ఖైదీ తన పూజకి సముద్రపు ఉప్పు, కొవ్వొత్తులు, ధూపం, ధ్యానంలోంచి లేపడానికి ఒక అలారం, ఇలాంటివన్నీ ఇప్పించమని కేసు వేశాడు. 1986లో ఫెడరల్ అప్పీలు కోర్టు బాగా ఆలోచించి, ఇది మతమే, కానీ జైలు భద్రత దృష్ట్యా ఆ సామాన్లు ఇవ్వక్కర్లేదు అంది. మతం మంజూరైంది, ఉప్పు మంజూరు కాలేదు.

ఆ తర్వాతి మెట్టు సమాధి. 2005లో అఫ్ఘానిస్థాన్‌లో చనిపోయిన ఒక సైనికుడి ఫలకం మీద విక్కా గుర్తు, అంటే వలయంలో ఐదు కోణాల నక్షత్రం, చెక్కించమని భార్య అడిగింది. మాజీ సైనికుల శాఖ జాబితాలో అప్పటికే పదుల సంఖ్యలో గుర్తులున్నాయి, దేవుడే లేడనేవాళ్ళకి కూడా ఒకటుంది. నక్షత్రం మాత్రం పరిశీలనలో ఉందన్నారు. దావా పడ్డాక 2007లో రాజీకొచ్చి గుర్తును జాబితాలో చేర్చారు. ఇక్కడ నాకు వెటకారం నోరు పెగలడం లేదు, ముందుకెళ్దాం.

అమెరికాలోనే మసాచుసెట్స్ రాష్ట్రంలో సేలం అనే ఊరు ఉంది. 1692లో అక్కడ మంత్రగత్తెలన్న నేరం మీద 19 మందిని ఉరితీశారు, ఒక ముసలాయన మీద బండరాళ్ళు పేర్చి చంపారు. వాళ్ళలో ఎవరూ మంత్రగత్తెలు కారు, కామనే చివరిదాకా మొత్తుకున్నారు. ఇప్పుడు ఆ ఊరి పోలీసు కార్ల మీద చీపురెక్కిన మంత్రగత్తె బొమ్మ ఉంటుంది. 1977లో ఆ రాష్ట్ర గవర్నరు ఒకావిడకు సేలం అధికారిక మంత్రగత్తె అని బిరుదిచ్చారు. 1692లో శిక్షపడ్డ ఒక అమ్మాయి పేరు మీది నేరం మాత్రం 2022 దాకా కొట్టేయలేదు, అదీ బడిపిల్లలు పట్టుబట్టారు కాబట్టి. అక్టోబరు వచ్చిందంటే ఊరు జాతరే. బోస్టన్ చుట్టుపక్కల మనవాళ్ళు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్ళి, నెత్తిన కోసుటోపీ పెట్టి ఫొటో తీస్తారు.

అదే అమ్మ సొంత ఊళ్ళో, ఆ మాట పొరపాటున ఎవరి నోటివెంటైనా వస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? తెలంగాణ పల్లెల్లో బాణామతి చేశారన్న అనుమానంతో, మంత్రం సరిగా పలక్కుండా చేయాలని మనుషుల పళ్ళు ఊడగొట్టిన ఉదంతాలున్నాయి. దేశం మొత్తం మీద 2022లో మంత్రవిద్య కారణంగా జరిగిన హత్యలు 85 అని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. అలా బలయ్యే ఒంటరి ముసలమ్మకి కత్తీ లేదు, వలయమూ లేదు, పౌర్ణమి సభా లేదు. ఆమెకున్నది నాలుగు గుంటల భూమి, దాని మీద కన్నేసిన పాలివాడు, మేక చచ్చిపోయిన పక్కింటివాడు. ఏ కోర్టుకి వెళ్ళి మతం అనిపించుకోగలదు?

వ్యాపారం సంగతికొస్తే, 2018లో ఒక పరిమళాల కంపెనీ 42 డాలర్లకు మంత్రగత్తె స్టార్టర్ కిట్ తయారుచేసింది. జోస్యం చెప్పుకునే టారో కార్డులు, ఒక గులాబీ రాయి, పొగ వేసుకోవడానికి తెల్ల సేజ్ ఆకులు, చిన్న చిన్న సెంటు సీసాలు. మంత్రగత్తెల మనోభావాలు దెబ్బతిన్నాయి. కంపెనీ క్షమాపణ చెప్పి, కిట్ అమ్మకుండానే వెనక్కి తీసుకుంది. ఇది చదివాక నాకున్న ఆఖరి అనుమానం కూడా తీరిపోయింది. మనోభావాలు దెబ్బతినగలిగిన దాన్ని మతం కాదని ఎవరనగలరు?

మడిలో కూడా పట్టువిడుపులున్నాయి. 2017లో ట్రంప్‌ని మంత్రంతో కట్టడి చేయడానికి ప్రతి కృష్ణపక్షం చివర్లో, అర్ధరాత్రి, ఆయన బాగా రాని ఫొటో ఒకటి, నారింజ రంగు కొవ్వొత్తి ముక్క ఒకటి పెట్టుకోమని ఊరందరికీ పద్ధతి ప్రకటించారు. కొవ్వొత్తి దొరకనివాళ్ళు చిన్న క్యారెట్ పెట్టుకున్నారు. నవ్వకండి. వస్త్రానికి బదులు పత్తి, ఆభరణానికి బదులు అక్షతలు సమర్పించి ఏళ్ళ తరబడి దేవుణ్ణి సర్దుకోమంటున్న వాళ్ళం మనం.

ఇన్నిట్లో నెగ్గిన మతం చివరికి ఒకే ఒక్క చోట తప్పింది. బ్రిస్టల్ యూనివర్సిటీలో రోనాల్డ్ హటన్ అనే చరిత్ర ప్రొఫెసరు ఉన్నారు. విక్కా ప్రాచీనమైంది కాదని, ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లండులో కూడగట్టిందేనని 1999లో పెద్ద పుస్తకమే రాశారు. కొందరు కస్సుమన్నారు, నిజమే. చాలామంది మాత్రం చదివి, అయితే మా మతం వయసు ఇంతేనా, పోనీలే, అమ్మవారికి అభ్యంతరం ఉండదు అని పౌర్ణమికి ఎప్పటిలాగే వలయం గీసుకున్నారు. పైగా తమ సభలకి ఆయన్నే పిలిచి ఉపన్యాసం ఇప్పించుకుంటారు. మన దగ్గర అలాంటి పుస్తకం రాసినాయన సభకి రావాలంటే ముందు ఇద్దరు గన్‌మెన్‌ని అడిగేవాడు. వాళ్ళేమో ఆయనకి టీ ఇచ్చి, పుస్తకం మీద సంతకం పెట్టమంటారు.