క్రూగ్ గారి కొమ్ముదీర్ఘం

నాటకాలు సెన్సారు చేసేవాళ్లంటే లోకానికి మొదటినుంచీ చిన్నచూపే. వాళ్ల పనితనానికి ఇంతవరకూ ఎవరూ ఒక శాలువా కప్పిన పాపాన పోలేదు. ఆ లోటు తీర్చడానికే ఇది. 1937లో చెకోస్లోవేకియా రాజధాని ప్రాగ్‌లో యూరప్ శాంతిని కాపాడటం కోసం ఒక నాటకంలోని ఒక పేరులో ఒకే ఒక్క అచ్చు మార్చారు. ముందు ఆ సంగతి చెప్పుకోవాలి.

చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన 'తెల్ల జబ్బు' ఆ ఏడాది జనవరి 29న రంగస్థలం ఎక్కింది. ఒంటిమీద ఎక్కడో ఒకచోట తెల్లమచ్చ పుడుతుంది. పాలరాయిలా చల్లగా ఉంటుంది, గిల్లినా తెలియదు. నడివయసు దాటినవాళ్లకే వస్తుంది, వస్తే పోవడమే. మందు డాక్టర్ గాలేన్ ఒక్కడి దగ్గరే ఉంది. పేదవాళ్లకి ఊరికే ఇస్తాడు. డబ్బూ అధికారమూ ఉన్నవాళ్లకు మాత్రం ఫీజు వేరు: యుద్ధాలు మానాలి. ఆయుధాల ఫ్యాక్టరీలున్న బ్యారన్ క్రూగ్ మచ్చతో వస్తాడు, డాక్టరు ఆయనకీ అదే ఫీజు చెబుతాడు.

జర్మన్ రాయబార కార్యాలయం అక్కడ ఉలిక్కిపడింది. నాటకంలో జర్మనీ పేరు లేదు. హిట్లర్ పేరు అంతకన్నా లేదు. నియంతని 'మార్షల్' అంటారంతే, ఆయన ఏలే దేశానికి పేరే పెట్టలేదు. అయినా క్రూగ్ అంటే మావాడిలా వినిపిస్తోందని వాళ్ల అభ్యంతరం. జర్మనీలో ఆయుధాలు చేసే క్రుప్ కంపెనీ ఫిరంగులు గుర్తొస్తే ఆ తప్పు ఎవరిదో మరి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం మన ఊళ్లలో మొరటుగా, నలుగురి ముందూ చేస్తారు. దౌత్యంలో అదే పని సూటూ బూటూ వేసుకుని చేస్తారు.

దాంతో క్రూగ్ కాస్తా క్రోగ్ అయ్యాడు. మన లిపిలో చెప్పాలంటే, కొమ్ముదీర్ఘం పీకేసి ఓత్వదీర్ఘం తగిలించారు. ఇప్పుడు వింటే స్వీడన్ పెద్దమనిషిలా ఉంటాడు. ఫ్యాక్టరీ అదే, ఫిరంగులు అవే, మచ్చా అదే. డిసెంబరులో వచ్చిన సినిమాలో కూడా ఆయన ఓలాఫ్ క్రోగే.

ఈ వృత్తిలోకి దిగే కుర్రాళ్లు ఒకటి గమనించాలి. సీను కోస్తే చాకిరీ ఎక్కువ. ముందూ వెనకా అతకదు, నటుడు తడబడతాడు, తెరపక్కన ప్రాంప్టరు పాత ప్రతి చూసి కోసేసిన మాటే అందిస్తాడు. పేరు మార్పుకి ఆ బాధలేవీ లేవు. చిక్కల్లా ఆ సంగతి బయటికి పొక్కితేనే. నిన్నటిదాకా క్రూగ్ అన్నప్పుడు ఆవలించిన ప్రేక్షకుడు ఇవాళ క్రోగ్ అనగానే పక్కవాణ్ణి మోచేత్తో పొడుస్తాడు.

సెన్సారు పద్ధతంటే అప్పటి లండన్‌దే. 1843 చట్టం ప్రకారం ప్రదర్శనకి కనీసం ఏడు రోజుల ముందు నాటకం ప్రతి, లైసెన్సులిచ్చే లార్డ్ ఛాంబర్లేన్ కార్యాలయానికి చేరాల్సి ఉండేది. చదివినందుకు రుసుము: ఏకాంకికైతే ఒక గినీ (పాత ఇంగ్లీషు నాణెం), పెద్ద నాటకానికి రెండు. అంటే సెన్సారు కొట్టివేతల నీలం పెన్సిలు ఖర్చు నాటకం వాళ్లదే. ఏయే కారణాలతో లైసెన్సు నిరాకరించవచ్చో 1909లో పార్లమెంటు కమిటీ ఒక జాబితా ఇచ్చింది. పరాయి దేశాలతో స్నేహం చెడగొట్టడం అందులో ఒకటి. హిట్లర్‌ని వెక్కిరించిన ఒక ప్రహసనానికి 1938లో కాదన్న లైసెన్సు యుద్ధం మొదలయ్యాక దొరికింది. మధ్యలో మారింది ప్రహసనం కాదు, స్నేహం.

'తెల్ల జబ్బు' కూడా 1938లోనే ఇంగ్లీషులో లండన్ చేరింది. పేరులో జబ్బు పోయి 'పవర్ అండ్ గ్లోరీ' అయింది. అప్పట్లో అక్కడ ఛాంబర్లేన్లు ఇద్దరు. లార్డ్ ఛాంబర్లేన్ అనేది రాజుగారి కొలువులో పదవి, ఆయన నాటకాలు కత్తిరించేవాడు. నెవిల్ ఛాంబర్లేన్ ప్రధానమంత్రి. ఆయన సెప్టెంబరు 30న మ్యూనిక్‌లో హిట్లర్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టి నాటకం పుట్టిన చెకోస్లోవేకియానే కత్తిరించి వచ్చాడు. చెక్‌లను చర్చల బల్ల దగ్గరికే రానివ్వలేదు. ఏడు రోజుల ముందు ప్రతి ఇవ్వాలన్న నియమం ఆ ఒప్పందానికి వర్తించలేదు.

అన్నట్టు, ఇదే దొరతనం మనకిచ్చిన 1876 నాటక ప్రదర్శనల చట్టం ఇంకో మెట్టు పైన. నిషేధించిన నాటకం ఆడినవాడికే కాదు, తెలిసీ కూర్చుని చూసినవాడికి కూడా మూడు నెలల దాకా జైలు ఉండేది. ఈలలు వేస్తే అదనమా అన్నది అందులో రాయలేదు.

మళ్లీ ప్రాగ్‌కి వస్తే, అంత శ్రద్ధగా పేరు దిద్దించిన నాటకానికి చివరి సీను మాత్రం అలాగే ఉండిపోయింది. మార్షల్‌కీ మచ్చ వచ్చి, చివరికి యుద్ధం ఆపడానికి ఒప్పుకుంటాడు. గాలేన్ మందుసంచితో బయల్దేరతాడు. దారిలో యుద్ధానికి జేజేలు కొడుతున్న గుంపు అడ్డొస్తుంది. యుద్ధం వద్దంటాడు, అక్కడికక్కడే కొట్టి చంపేస్తారు. సంచిలోని మందుగొట్టాలు కాళ్ల కింద నలిగిపోతాయి. అభ్యంతరం పెట్టాల్సింది అక్కడే. కానీ ఆ గుంపులో ఎవరికీ పేర్లు లేవు, ఏ దీర్ఘం తీయమంటారు?

ఇక రికార్డుల గురించి ఒక్క సలహా. 1939 మార్చిలో జర్మన్ సేనలు ప్రాగ్‌లోకి వచ్చాక హిట్లర్ రహస్య పోలీసు దళం గెస్టపో చాపెక్ ఇంటికి వెళ్లింది, అరెస్టు చేద్దామని. ఆయన అంతకు ముందు డిసెంబరు 25నే పోయాడు. జాబితాలో ఆయన పేరు కొట్టేయలేదు.