మహారాజశ్రీ మైనస్ పారలాక్స్ గారికి

మహారాజశ్రీ మైనస్ పారలాక్స్ గారి సముఖానికి, నక్షత్రాల్ని కొలిచిన గైయా ఉపగ్రహం డేటాతో కుస్తీ పట్టేవాళ్ళమంతా కలిసి రాసుకుంటున్న విన్నపం.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా టేబుల్లో ఏదో ఒక వరసలో -0.31 రూపంలో క్షేమంగానే ఉంటారని తలుస్తాం. ఎన్నిసార్లు మెడపట్టి గెంటినా మరుసటి క్వెరీలో, అంటే డేటాని అడిగే మరుసటి ప్రశ్నలో, మళ్ళీ గుమ్మంలో నిలబడే ఓపిక తమకే చెల్లింది.

ముందుగా తమ జన్మరహస్యం. కొత్తవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి దాచి లాభం లేదు.

రైలు కిటికీలోంచి చూస్తే దగ్గరి తాడిచెట్లు వెనక్కి పరిగెడతాయి, దూరపు కొండలు కదిలీ కదలనట్టుంటాయి. సూర్యుడి చుట్టూ మన ప్రయాణంలో నక్షత్రాలూ అంతే. దగ్గరివి ఎక్కువ ఊగుతాయి, దూరపువి తక్కువ. ఆ ఊగుడే పారలాక్స్. మన పొరుగు నక్షత్రం ప్రాక్సిమా సెంటారీకి అది 768 మిల్లీ ఆర్క్‌సెకన్లు (ఒక్కోటి డిగ్రీలో 36 లక్షల వంతు). దూరం కావాలంటే 1000ని దానితో భాగించాలి: 1000ని 768తో భాగిస్తే 1.3 పార్సెక్కులు (పార్సెక్ అంటే సుమారు 3.26 కాంతి సంవత్సరాలు). ఇంతవరకు బడిపిల్లల భాగహారమే. ఆ తర్వాత తమరు దయచేశారు. 1000ని -0.31తో భాగిస్తే మైనస్ 3,226 పార్సెక్కులు. ఆ ఊరికి ఏ కండక్టరూ టికెట్ కొట్టలేడు. తమరు కొండల్ని దాటుకుంటూ రైలుతో పాటు ముందుకి ఉరికే తాడిచెట్టు!

అలాంటి చెట్టు లోకంలో లేదు. మరి టేబుల్లో ఎందుకుంది? గైయా దూరాన్ని కొలవలేదు కాబట్టి. భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల, ఆరు గంటలకోసారి తన చుట్టూ తాను తిరుగుతూ, 106.5 డిగ్రీల ఎడంగా చూసే రెండు టెలిస్కోపులతో ఇందుకోసం అది కొలిచింది ఒక్కటే: చుక్క సీసీడీ (కెమెరా చిప్) మీదుగా దాటిన క్షణం. ఒక్కో నక్షత్రం అలా మళ్ళీ మళ్ళీ దాటింది. ఆ దాటుళ్ళన్నిటికీ కలిపి ఐదు తెలియని సంఖ్యలు సరిపెట్టారు: ఆకాశంలో స్థానానికి రెండు, ఏటేటా జరిగే జరుగుడుకి రెండు, ఊగుడుకి ఒకటి. ఆ ఐదోదే తమరు. కొలతలకి అతి దగ్గరగా పడే జవాబు వెతికే లీస్ట్ స్క్వేర్స్ లెక్కకి దూరం ఎప్పుడూ ప్లస్సేనన్న ఇంగితం ఉండదు. అసలు ఊగుడు 0.05 ఉండి, కొలతలో గోల 0.5 ఉంటే, జవాబు సున్నాకి ఏ పక్కన పడుతుందన్నది దాదాపు బొమ్మా బొరుసే.

గోల ఎంతుంటుందో కూడా కేటలాగ్ దాచుకోలేదు. 2022 జూన్ 13న వచ్చిన మూడో డేటా విడుదల డీఆర్3లో, 15 మాగ్నిట్యూడ్ (ఈ అంకె పెరిగేకొద్దీ చుక్క మసక) కంటే ప్రకాశమైన నక్షత్రాలకి పొరపాటు 0.02 నుంచి 0.03 మిల్లీ ఆర్క్‌సెకన్లు. 17 దగ్గర 0.07. 20 దగ్గర 0.5. మొత్తం పారలాక్స్ ఉన్నవి 146 కోట్లు, వాటిలో అధిక భాగం మసక చుక్కలే. తమ వంశం కోట్లలో వర్ధిల్లడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. మన పొరుగు గెలాక్సీ పెద్ద మెగెల్లానిక్ మేఘం దాదాపు 50,000 పార్సెక్కుల దూరం, అంటే అసలు పారలాక్స్ 0.02. అందులోని మసక నక్షత్రాల్లో సగం దాకా తమవారే.

ఇక మా నేరాల చిట్టా విప్పుతాం.

మొదటిది, క్వెరీ చివర రాసే మంత్రం: "పారలాక్స్ > 0". చూడ్డానికి ఎంత శుభ్రంగా ఉంటుందో! ఏం చేస్తుందో కాయితం మీద లెక్కేద్దాం. సరిగ్గా 5,000 పార్సెక్కుల దూరాన ఉన్న వంద నక్షత్రాలు తీసుకోండి. అసలు పారలాక్స్ 0.2, పొరపాటు 0.5. వందలో సుమారు 34 తమరిగా అవతరిస్తాయి. వందా కలిపి సగటు తీస్తే 0.2 దగ్గరకే వస్తుంది, 5,000 పార్సెక్కులు, ధర్మం నాలుగు పాదాల మీద నడుస్తుంది. ఆ 34నీ గెంటేస్తే మిగిలిన 66 సగటు 0.48. దూరం 2,080 పార్సెక్కులు. ఒక్క చిన్న షరతుతో దాదాపు 3,000 పార్సెక్కుల పాలపుంతని మింగేశాం. పైగా దానికి "డేటా క్లీనింగ్" అని ముద్దుపేరు.

కాస్త చదువుకున్నవాళ్ళు పారలాక్స్‌ని పొరపాటుతో భాగించి, 5 దాటినవే తీసుకుంటారు. ఇది ఇంకా నాజూకైన దొంగతనం. పొరపాటు 0.5 అయితే పాసు మార్కు 2.5. ఆ గీత దాటిన చుక్క నిజంగా ఎంత దూరానిదైనా 400 పార్సెక్కుల లోపలిదిగానే కనిపిస్తుంది. 1973లోనే లుట్జ్, కెల్కర్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు ఈ పక్షపాతం గురించి రాశారు. అయినా షరతు రాసే వేళ్ళు ఆగవు.

రెండోది, హెచ్ఆర్ డయాగ్రమ్, అంటే నక్షత్రాల రంగుకి ఎదురుగా నిజ ప్రకాశం గీసే గ్రాఫ్. నిజ ప్రకాశం కావాలంటే గైయాకి కనిపించిన ప్రకాశం జీ మాగ్నిట్యూడ్‌కి పారలాక్స్ లాగరిథం ఐదింతలు కలిపి, పది తీసెయ్యాలి. తమకి లాగరిథం ఉండదు. ప్రోగ్రామ్ అరవదు, కరవదు. ఆ గడిలో "నాన్" (సంఖ్య కాదు) అని పెట్టి ఊరుకుంటుంది, ప్లాట్‌లో చుక్క మాయం. తమరు పోయిన సంగతి గ్రాఫ్ గీసినవాడికే తెలీదు. దీనికి విరుగుడు 1999 నుంచీ ఉంది: లాగరిథం జోలికి పోకుండా, జీని ఐదుతో భాగించి, రెండు తీసేసి, పదిని ఆ ఘాతానికి ఎత్తి, పారలాక్స్‌తో గుణించి, ఆ సంఖ్యనే నిలువు గీత మీద పెట్టడం. మైనస్ అయినా సున్నాకి అవతల మర్యాదగా కూర్చుంటారు. ఇది వాడేవాళ్ళు తక్కువ. మైనస్ గుర్తు తీసేసి వాడేవాళ్ళు మాత్రం ఉన్నారు. వాళ్ళ గురించి ఈ లేఖలో రాయం, పెద్దలు చదువుతారు.

మూడోది సున్నా గొడవ. ఎంతో దూరపు గెలాక్సీల వెలిగే నడిబొడ్డులైన క్వాసార్ల పారలాక్స్ మన అవసరాలకి సున్నానే. డీఆర్3లో వాటి మధ్యగతం మాత్రం మైనస్ 17 మైక్రో ఆర్క్‌సెకన్లు. అంటే కొలబద్దే కాస్త తమ పక్షం. ఉపగ్రహం తిరుగుతుంటే ఎండ సోకే వైపు మారుతూ, ఆ రెండు టెలిస్కోపుల మధ్య 106.5 డిగ్రీలూ ఆరు గంటల లయలో రవ్వంత ఊగడం దీనికి ఒక ముఖ్య కారణం. కాబట్టి పారలాక్స్‌లోంచి మైనస్ 0.017 తీసెయ్యాలి, అంటే 0.017 కలపాలి. 0.200 కాస్తా 0.217 అవుతుంది, దూరం 4,608 పార్సెక్కులు. పొరపాటున గుర్తు తిరగేస్తే 0.183, అంటే 5,464. రెండింటికీ తేడా 850 పైచిలుకు. అసలు ఈ 17 కూడా అందరికీ ఒకటి కాదు. ప్రకాశాన్ని, రంగుని, క్రాంతివృత్తం (ఆకాశంలో సూర్యుడి దారి) నుంచి ఎడాన్ని బట్టి మారుతుంది. దానికి తయారైన పైథాన్ కోడ్ ఉచితంగా దొరుకుతుంది. ఉచితం కాబట్టే కాబోలు, చాలామంది ముట్టరు.

అలాగని తమ వంశంలో అందరూ సాధువులని చెప్పబోవడం లేదు. -0.31 ప్లస్ ఆర్ మైనస్ 0.5 అంటే నిజాయితీపరుడు. -40 ప్లస్ ఆర్ మైనస్ 0.6 అంటే మాత్రం పచ్చి మోసగాడు. గుంపుగా ఉన్న చోట రెండు పక్కపక్క చుక్కల దాటుళ్ళని ఒకదానివిగా కలిపేస్తే ఇలాంటివి పుడతాయి. కానీ అదే మోసం ప్లస్ వైపు కూడా అంతే జోరుగా జరుగుతుంది. అక్కడ ఎవరూ అనుమానించరు, పైగా "పొరుగు నక్షత్రం" అని హారతి పడతారు. 2021లో మన చుట్టూ 100 పార్సెక్కుల జాబితా కట్టినప్పుడు, కాస్త వెసులుబాటుతో 8 మిల్లీ ఆర్క్‌సెకన్లు దాటినవి 12 లక్షలకు పైగా తేలాయి. వాటిలో దొంగలెవరో యంత్రానికి నేర్పడానికి నమూనాలు ఎక్కడివి? మైనస్ 8 కంటే కింద ఉన్న తమ బంధువులే! వాళ్ళు నూటికి నూరు దొంగలని ముందే తెలుసు కదా. పాముకాళ్ళు పాముకెరుక. వడపోశాక మిగిలినవి 3,31,312. జాబితాకి పునాది వేసింది తమరు, పేరు మాత్రం ప్లస్ వాళ్ళకి.

ప్లస్ గుర్తు ఉన్నంత మాత్రాన పెద్దమనిషి కాదనడానికి కృత్తికలే సాక్ష్యం. పాత హిప్పార్కస్ ఉపగ్రహం వాటిని దాదాపు 120 పార్సెక్కుల దగ్గర పెట్టింది. గైయా 136 దగ్గర పెట్టింది. అన్నీ చక్కటి ప్లస్ అంకెలే.

దూరం కావలసిందేనని పట్టుబట్టేవాళ్ళ కోసం ఖగోళ శాస్త్రవేత్త బెయిలర్-జోన్స్ బృందం దూరాల జాబితా ఉంది, తమతో సహా అందరికీ ఒక అంకె ఇస్తుంది. కాకపోతే తమ పక్కన కనిపించే అంకె చాలావరకు పాలపుంత నమూనా చెప్పిన మాట. జాతకం సరిగ్గా లేనప్పుడు ఊరిని బట్టి సంబంధం ఖాయం చేసినట్టు. పక్కన 16, 84 శాతాల హద్దులు, అంటే దూరం ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో, ఇస్తారు. వాటిని కోసేసి నడిమి అంకె ఒక్కటే కాపీ కొట్టడం మా నాలుగో నేరం.

గైయా 2025 జనవరిలో పరిశీలనలు ముగించింది. 34 నెలల బదులు 66 నెలల డేటాతో డీఆర్4 2026 డిసెంబరులో రావాలి. పొరపాట్లు సుమారు 1.4 రెట్లు తగ్గుతాయి. పైన చెప్పిన వంద నక్షత్రాల్లో తమ సంఖ్య 34 నుంచి 29కి దిగుతుంది. ఆ ఐదుగురికీ ముందుగానే అభినందనలు. మిగతా 29 మందికీ సీట్లు అలాగే ఉంచుతున్నాం.

ఇట్లు,
"పారలాక్స్ > 0" అని రాసి, ఇప్పుడే బ్యాక్‌స్పేస్ నొక్కుతున్నవాళ్ళం

తా.క.: కేటలాగ్ అంకెలు మిల్లీ ఆర్క్‌సెకన్లలో ఉంటాయి. ఆ సంగతి మరిచి 1ని 768తో భాగిస్తే ప్రాక్సిమా 0.0013 పార్సెక్కుల దగ్గరికి, అంటే నెప్ట్యూన్ దూరానికి తొమ్మిది రెట్లలోకి వచ్చి కూర్చుంటుంది. ఆ పాపం మాత్రం తమది కాదు.