దుప్పటి కావాలంటే నాన్నను లేపాలి

హైడ్రాలిక్ మంచం అనేది కేవలం మంచం కాదని, పైన మనిషిని, లోపల సంసారాన్ని మోసే ‘స్టోరేజి సొల్యూషన్’ అని కడపలో మాకు బోధించిన ఇంటీరియర్ డిజైనర్‌కు ముందుగా నమస్కారం. ఆ బోధ లోతు మొన్న మే నెలలో, మా బావ ప్రొద్దుటూరు నుంచి రాత్రి పదకొండున్నరకు దిగినప్పుడు గాని మాకు అర్థం కాలేదు. ఎండకు కాగిన గోడల మధ్య నిద్ర పట్టదు కనుక మిద్దె మీద పడుకుంటానని, పరచుకోవడానికి ఒక దుప్పటి ఇస్తే చాలునని అన్నాడు. ఇంట్లోని దుప్పట్లన్నీ మంచం కడుపులో ఉన్నాయి. మంచం మీద మా నాన్న ఉన్నారు. దుప్పటి తీయాలంటే పరుపుతో సహా పలకను లేపాలి, పలకను లేపాలంటే ముందు నాన్నను లేపాలి. లేపాము. ఆయన దిండు చంకలో పెట్టుకుని, దావాలో ఓడిపోయిన వాదిలా గోడ వారగా నిలబడ్డారు. వేలితో తాకితే లేస్తుందన్న పలకను నేనూ బావా కలిసి ఎత్తాము. గ్యాసు గొట్టాలు ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకోవడంతో దాన్ని నా నెత్తి మీద ఆనించుకోవలసి వచ్చింది. మా ఆవిడ సెల్‌ఫోన్ వెలుగులో లోపలికి దిగి, వినాయక చవితి సీరియల్ దీపాలు, మా వాడి మూడో తరగతి పుస్తకాలు, మూత లేని కుక్కరు వెలికితీసి, చిట్టచివరకు ఒక దుప్పటి అందించింది. నాన్న మళ్లీ గురక అందుకున్నాక, మిద్దె మెట్ల మీది నుంచి బావ గొంతు వినిపించింది: “ఒక దిండు కూడా దొరుకుతుందా?”

వంటగది ఇంకా ఉన్నతమైనది. తలుపులకు పిడులు లేవు. తోస్తే తెరుచుకుంటాయి, నడుము తగిలినా తెరుచుకుంటాయి. ఫోర్కులకు ప్రత్యేకమైన అర ఉంది. మా ఇంట్లో ఫోర్కులు రెండు. సంగటి కట్టెకు మాత్రం చోటు లేదు. పొడవు ఎక్కువట.

ఈ మాడ్యులర్ వంటగదుల వంశానికి మూలపురుషుడు ఒక స్త్రీ. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కట్టిన ఇళ్ల కోసం 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు గల వంటగదిని రూపొందించిన మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ, ఏ పనికి ఎంత సేపు పడుతుందో లెక్కగట్టారు, దినుసులకు పేర్లు రాసిన అల్యూమినియం డబ్బాలు అమర్చారు, పిండికి పురుగు పట్టకుండా ఓకు చెక్క సొరుగు పెట్టించారు. అప్పటికి తనకు వంట చేసిన అనుభవమే లేదని తరువాత ఆమే చెప్పుకున్నారు. వంటగదిలో పని ఎలా సాగుతుందన్న, వంట చేయని ఆమెకు తట్టిన ప్రశ్న, మా అమ్మ చేతి సంగటి తిని లేచిన డిజైనర్‌కు తట్టలేదు. అతను అడిగిందల్లా మ్యాటా, గ్లాసీయా అని.

ఇక్కడ నాకు నవ్వు రాదు. అమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి గోడలో ఉన్న కడప బండ అరలను ‘లుక్ పోతుంది’ అని సుత్తితో పగలగొట్టించారు. నీళ్లు పడితే ఉబ్బని రాయి, చెద ముట్టని రాయి! దాని స్థానంలో పెట్టింది ఏమిటి? రంపపు పొట్టును, చెక్క తునకలను యూరియా-ఫార్మాల్డిహైడ్ జిగురుతో కలిపి వేడిలో అదిమిన పలక. సింకు కింద అది ఆరు నెలలకే నానిన బిస్కెట్టులా ఉబ్బింది. ఈ నేల ఇచ్చిన రాయిని కడపలోనే చెత్తబండికి ఎత్తించి, పొట్టును చదరపు అడుగుల లెక్కన కొన్న మాకు సిగ్గు లేదు. అమ్మినవాడికి అంతకన్నా లేదు. మోకాళ్ల నొప్పులతో ఉన్న 68 ఏళ్ల మనిషిని, ‘అమ్మా, నీ చేయి ఎంత ఎత్తుకు అందుతుంది?’ అని ఒక్కరైనా అడిగారా? నేనైనా అడిగానా?

పగలకుండా మిగిలిన ఒక్క బండను అమ్మ పెరట్లో ఇటుకల మీద పెట్టించుకుంది. సంగటి గుండిగ, కట్టె ఇప్పుడు దాని మీదే ఉంటున్నాయి. చివరి విడత డబ్బుకు వచ్చిన డిజైనర్, లోపల ఉక్కగా ఉందని, వాటిని కాస్త పక్కకు జరిపి ఆ బండ మీదే కూర్చున్నాడు.