రాజు చూసిన ఆట, పేరు దక్కని ఆటగాళ్లు

రాజస్థాన్‌లోని మేవాడ్ ఆస్థాన చిత్రాల గురించి రాసేవారు దాదాపు అందరూ రాజు దగ్గర మొదలుపెట్టి రాజు దగ్గరే ముగిస్తారు. మేవాడ్ ఏలిన మహారాణాలు రెండో సంగ్రామ్‌సింగ్, రెండో జగత్‌సింగ్ కాలాల్లో ఉదయపూర్ చిత్రకారులు కోటలోని పండుగలను, వేడుకలను పెద్ద పెద్ద కాగితాల మీదికి ఎక్కించిన సంగతి పాఠకులకు తెలిసిందే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న, 1736లో జైరామ్ గీసినదిగా భావించే రాసలీల చిత్రం కూడా ఆ రాసలీలకు వచ్చిన మహారాణా జగత్‌సింగ్ పేరుతోనే చలామణి అవుతోంది. కృష్ణుడి కథను ఆడినవారు వేరు, పేరు దక్కినవాడు వేరు. ఇలాంటి చిత్రాలను ముందుగా ప్రదర్శనకు సాక్ష్యపత్రాలుగా చదవాలని, రాజును ఆ తరువాతే చూడాలని నా వాదన.

రాజు సొమ్ముతో రాజు మెప్పు కోసం గీసిన బొమ్మలు సాక్ష్యానికి పనికిరావని కొందరు చరిత్రకారులు అంటారు. రాజు తల వెనుక కాంతివలయం పెట్టి, ఒకే చిత్రంలో ఆయన్ను రెండు మూడు చోట్ల చూపించే ఆ పద్ధతిలో ముఖస్తుతి లేదని నేనూ అనను.

అయితే ఆ ముఖస్తుతి ఎవరి మీద ఖర్చయిందో చూడాలి. మద్దెల మీద చెయ్యి పడే తీరునో, వేషధారి కిరీటం కట్టునో, పాటగాళ్లు నిలబడిన వరుసనో అబద్ధంగా గీస్తే చిత్రకారుడికి ఒరిగేదేమీ లేదు. పైగా ఆ ఆటను కళ్లారా చూసిన దర్బారు మనుషులే రేపు ఆ బొమ్మనూ చూస్తారు కనుక, తప్పు గీస్తే ఇట్టే పట్టుబడతాడు. పొగడ్త చేరని ఆ మూలల్లోనే నిజం ఎక్కువగా దొరుకుతుంది. భవనాలను పైనుంచి, మనుషులను ఎదురుగా చూపుతూ, ఒకే పాత్రను మళ్లీ మళ్లీ గీసి గంటలపాటు సాగిన ఆటను ఒక్క కాగితంలో ఇమిడ్చిన ఆ నేర్పు ముందు రాజుగారి ఆభరణాల వర్ణన ఎంత చిన్న విషయం!

ఆంధ్ర, ఒడిశా సరిహద్దులోని గంజాం తెలుగువారికి ఇది దూరదేశపు ముచ్చటగా తోచవచ్చు గాని, మన ప్రహ్లాద నాటకాన్ని తలచుకుంటే దీని విలువ అర్థమవుతుంది. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరుతో 19వ శతాబ్దంలో వెలువడిన ఈ నాటకం ఒడియాలో సాగుతుంది, నడకలో మాత్రం మన యక్షగానపు ఛాయలు స్పష్టంగా కనిపిస్తాయి. రాజాశ్రయంలో పుట్టిన ఈ ఆటలో మెట్ల వేదిక మీద కొలువుదీరి గర్జించేవాడు, తెల్లవారేలోగా నరసింహుడి చేతిలో కూలబోయే రాజు. ఎంత ధైర్యమున్న నాటకం! కోటలో దాన్ని మొదట ఆడినవారి ముఖాలు మాత్రం ఏ జైరామ్ చిత్రంలోనూ నాకు కనిపించలేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక జలంతర ఇప్పటి శ్రీకాకుళం జిల్లా వైపు మిగిలింది, ఆటను బతికించిన దళాలు ఎక్కువగా ఒడిశా గంజాంలో ఉండిపోయాయి. అప్పటినుంచి తెలుగు పండితులు దాన్ని ఒడియా నాటకమని వదిలేస్తుంటే, ఒడియా పండితులు అందులోని తెలుగు వాటాను ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. సరిహద్దు గీతను కళ మీదుగా గీయడమంటే ఇదే, దీన్ని నేను ఒప్పుకోను. వేదికకు మెట్లు ఎన్ని, గాహకుడు (ప్రధాన గాయకుడు) ఎటు నిలబడి పాడతాడు, పూజలందుకునే నరసింహుడి ముఖాన్ని ఎవరు ఎలా ధరిస్తారు అన్న వివరాలను, వేషం కట్టిన ప్రతి ఒక్కరి పేరుతో సహా తెలుగు, ఒడియా లిపులు రెండింటిలోనూ నమోదు చేసే పనిని రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు కలిసి చేపట్టాలి, అదీ వృద్ధ గురువుల గొంతు ఇంకా పలుకుతున్నప్పుడే.