పిపిన్ గారికి, కీబోర్డు విషయమై

మహారాజరాజశ్రీ పిపిన్ గారి దివ్య సముఖానికి,

ఇక్కడ కాలిఫోర్నియాలో మేమంతా క్షేమం. యాపిల్ వారి పాత ఆటల పెట్టె అయిన తమరు మా హాల్లో టీవీ పక్కనే ఉన్నారు కాబట్టి తమరి క్షేమం కళ్లారా చూస్తూనే ఉన్నాను. ఉభయకుశలోపరి.

వ్రాయునది ఏమనగా, నిన్న పార్సెల్ వచ్చింది. తమరి కోసమే చేసిన కీబోర్డు, దాని నెత్తిన బొమ్మలు గీసుకునే పలక, పలకకి ఒక పెన్ను, అన్నీ ఉన్నాయని ఫొటో పెట్టి మరీ అమ్మాడు ఒక మహానుభావుడు. విప్పి చూస్తే యాపిల్ వాళ్ల మ్యాకింటోష్ కంప్యూటర్‌కి పెట్టే మామూలు కీబోర్డు. ప్లాస్టిక్ పసుపెక్కిపోయింది, స్పేస్ బార్ సందులో ఎవరో తిన్న బిస్కెట్ పొడి. ఇదేం పని బాబూ అని మెసేజ్ పెడితే, రెండూ ఒకే కంపెనీవి కదా, పెట్టి చూడండి, పట్టేస్తుంది అన్నాడు. పట్టలేదు. శనివారం మధ్యాహ్నం మొత్తం గంగపాలు.

వాడి సంగతి వాడితో తేల్చుకుంటాను. కానీ వాడు అంత ధీమాగా ఆ మాట అనగలిగాడంటే, అందులో తమరి ఘనత కూడా ఉంది.

యాపిల్ 1986లో ఏడీబీ అనే పద్ధతి తెచ్చింది. కీబోర్డుకీ మౌస్‌కీ ఒకటే రకం ప్లగ్గు. గుండ్రంగా ఉంటుంది, లోపల నాలుగు సన్నటి పిన్నులు. పదేళ్లలో అలాంటి కీబోర్డులు ఇళ్లలో, బళ్లలో, ఆఫీసుల్లో గుట్టలుగా పేరుకున్నాయి. 1996లో యాపిల్ డిజైన్ చేస్తే జపాన్ బొమ్మల కంపెనీ బందాయ్ వాళ్లు అమ్మగా తమరు వేంచేశారు. లోపల నడిచేది అదే ఏడీబీ. అవే సంకేతాలు, అవే అయిదు వోల్టులు. బయట రంధ్రం ఆకారం మాత్రం మారిపోయింది. హాల్లో పిల్లలు పట్టి లాగినా తట్టుకునేలా గట్టి కనెక్టర్ ఉండాలట. బాగుంది, పిల్లలున్న ఇల్లే మాదీ. కానీ పిల్లలు లాగేది ఆటల కంట్రోలర్‌ని. దాని పక్కన కీబోర్డు కోసం పాత రంధ్రం ఒక్కటి ఉంచితే తమరి సొమ్మేం పోయేది? పెళ్లి భోజనానికి రమ్మని పిలిచి, విస్తరి మీరే తెచ్చుకోండి అని, తీరా తెచ్చాక మా బంతిలో ఈ ఆకు చెల్లదు అన్నట్టుంది.

అసలు కడుపు మండే సంగతి తమరి వీపున ఉంది. ఆ గుండ్రటి నాలుగు పిన్నుల ప్లగ్గు తమరి ఒంట్లో హాయిగా దూరే చోటు ఒకే ఒక్కటి: టీవీకి బొమ్మ పంపే ఎస్-వీడియో రంధ్రం. రెండూ అచ్చంగా ఒకే కొలత. మా అబ్బాయి అందులో దూర్చేసి, "నాన్నా, పట్టేసింది!" అని కేకేశాడు. పట్టింది నాన్నా, పట్టింది. బొమ్మ బయటికొచ్చే దారిలో అక్షరాలు లోపలికి తోస్తే ఏమొస్తుంది?

ఆటల పెట్టెకి కీబోర్డు ఎందుకయ్యా అని అడగొచ్చు. ఉత్త ఆటల పెట్టె అయితే నేనూ అడగను. జపాన్‌లో అట్‌మార్క్, అమెరికాలో అట్ వరల్డ్ అని బిరుదులు తగిలించుకుని, ఇంటర్నెట్‌ని సోఫా ముందుకి తెస్తామని బయల్దేరింది తమరే. పెట్టెతో పాటు ఫోన్ లైన్ మీద ఇంటర్నెట్ తెచ్చే మోడెమ్ ఇచ్చారు. వెబ్ చూసే సాఫ్ట్‌వేర్ సీడీ ఇచ్చారు. చిరునామా కొట్టడానికి, నాలుగు ముక్కల ఉత్తరం రాయడానికి కావలసిన వస్తువు మాత్రం విడిగా కొనుక్కోవాలి. కొనలేదా, తెరమీద కనిపించే అక్షరాల్లో ఒక్కొక్కదాని దగ్గరికీ కంట్రోలర్ మీదుండే బంతిని, అదే ట్రాక్‌బాల్‌ని, దొర్లించుకుంటూ పోవాలి. "బాగున్నారా" అని అడిగేలోపు అవతలివాళ్లకి బాగైపోతుంది.

మోడెమ్ వేగం సెకనుకి 14.4 కిలోబిట్లు. అంటే 100 కిలోబైట్ల ఫొటో ఒకటి రావడానికి దాదాపు నిమిషం. వచ్చిందాన్ని దాచుకుందామంటే హార్డ్ డిస్క్ లేదు, 128 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీ ఉంది. ఆ ఫొటో, దాని పక్కన ఒక చిన్న ఉత్తరం, ఇల్లు నిండిపోయింది. ర్యామ్ ఆరు మెగాబైట్లు, అందులోనే తెరకీ వాటా. ధర 599 డాలర్లు. అదే ఏడు ప్లేస్టేషన్ 199కి దొరుకుతోంది. అన్నట్టు, తమరిని అమ్మిన బందాయ్ వాళ్లే ఆ నవంబర్‌లో గుడ్డంత తమగోచీ బొమ్మ కూడా తెచ్చారు. మూడంటే మూడు బటన్లు. అది కోట్లలో పోయింది. తమరు సుమారు 42,000 దగ్గర ఆగి, 1997లో దుకాణం కట్టేశారు.

ఇంకా మర్యాదగా మాట్లాడటం నా వల్ల కాదు. నువ్వు చేసింది దగా. తక్కువ మెమరీ పెట్టడం తప్పు కాదు, ఆ రోజుల్లో అది ఖరీదు. నెమ్మది మోడెమ్ కూడా తప్పు కాదు. కానీ నీ ఇంటి కీబోర్డుకే నీ గుమ్మం మూసేశావు చూడు, దానికి ఏ ఖరీదూ అడ్డం రాలేదు. రంధ్రం ఖర్చెంత? ఒక్క రంధ్రం! కొత్త ప్లగ్గుకి అచ్చు పోయించడానికి డబ్బులున్నాయి గానీ, పాతది ఉండనివ్వడానికి మనసు రాలేదు.

పోనీ నిన్ను ఏ చెత్తబుట్టలోనో పడేద్దామా అంటే, చేతులు రావు. కంట్రోలర్ నడిమధ్యలో ట్రాక్‌బాల్ పెట్టాలని ఆ రోజుల్లో ఎవడికి తట్టింది? కీబోర్డు నెత్తిన గీతల పలక పెట్టాలని ఎవడికి తట్టింది? ఆ పలక మీద మా అమ్మాయి ఏనుగుని గీస్తే టీవీలో చూడాలని నాకు ఇప్పటికీ ఉబలాటమే. అది ఉందనే కదా ఆ మోసగాడికి డబ్బు పంపింది.

కాబట్టి ఈ ఆదివారం నీ రెండో కంట్రోలర్ తీగ కోస్తున్నాను. డేటా, అయిదు వోల్టులు, గ్రౌండ్, పవర్ ఆన్. నాలుగు తీగలూ తీసి, గుండ్రటి సాకెట్‌కి సోల్డరింగ్ చేసి, ఈ బిస్కెట్ పొడి కీబోర్డునే నీకు తగిలిస్తాను. మారుమాట్లాడకుండా పుచ్చుకో. అంతా అయ్యాక, మోడెమ్‌కి ల్యాండ్‌లైన్ ఏదీ అని మాత్రం నోరెత్తావో, ఈసారి కోసేది తీగ కాదు.

ఇట్లు,
సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించుకుంటున్న
నీ యజమాని