లెక్కలు తీసేస్తే మిగిలేది పేర్లే
సౌర కుటుంబం మీద మొదటి కోర్సులో లెక్కలు పూర్తిగా తీసేయాలి, గ్రహాల వివరాలు చెబితే చాలు అని ఒక వ్యాసంలో రాసిన మాటతో నేను ఏకీభవించను. డిగ్రీలో ఈ కోర్సు తీసుకున్నప్పుడు నాకూ లెక్కలంటే టెన్షనే. కానీ ఇప్పటికీ గుర్తున్నది ఆ లెక్కే. గ్రహాల కదలిక గురించి ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1619లో ప్రచురించిన మూడో నియమం అది. సూర్యుడి నుంచి భూమి ఉన్న దూరానికి ఒక గ్రహం ఎన్ని రెట్ల దూరంలో ఉందో తీసుకుని, ఆ సంఖ్యను ఘనం చేసి వర్గమూలం కడితే, ఆ గ్రహం సూర్యుణ్ణి చుట్టి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలిసిపోతుంది. గురుడిది 5.2 రెట్ల దూరం. ఘనం చేస్తే సుమారు 140.6, దాని వర్గమూలం 11.86. నిజంగానే గురుడికి పట్టేది దాదాపు 11.86 ఏళ్లు! కాగితం మీద ఆ జవాబు చూసిన క్షణం ఒళ్లు పులకరించింది. అంతవరకూ గురుడంటే నాకు పుస్తకంలో చారలున్న బొమ్మ మాత్రమే. ఆ ఊపులో నెప్ట్యూన్‌కీ కట్టి చూశాను, దూరం 30 రెట్లు, జవాబు 164 ఏళ్లు దాటింది. దీనికి కావలసింది స్కూలు గణితమే. కాలిక్యులస్ ఈ స్థాయిలో వద్దంటే ఒప్పుకుంటాను. ఈ ఒక్క లెక్కను మాత్రం విద్యార్థుల చేతే చేయించాలి, బోర్డు మీద చూపించి వదిలేయకూడదు.